ఒకే గుర్రం, మూడు ట్యూబులు

పోయిన వారం సూది మామయ్యని ల్యాబు మెట్ల దగ్గర వదిలేశాం. పాపం, అప్పటినుంచి అక్కడే నిలబడి ఉన్నాడేమోనని బెంగపడకండి, ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? "మామయ్యా, ఒకసారి రా. ఫోన్లో చెప్పేది కాదు" అని మేనకోడలు పిలిచింది. ముప్ఫై మెట్లకి మూడుసార్లు ఆగాడు. మోకాళ్ళ నొప్పి కాబోలు అనుకుని పక్కనుంచి వెళ్ళేవాళ్ళు జాలిపడ్డారు. నొప్పి మోకాళ్ళలో లేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. సూది మామయ్య పశువుల ఆసుపత్రిలో రక్తం నమూనాలు తీసే మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. చిన్నప్పుడు మేనకోడలు పెట్టిన ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, అసలు పేరు ఆయన భార్యకి కూడా ఒక్కోసారి తట్టదు. ఎంత బెదురు గుర్రమైనా సరే, మెడ నిమిరి, బొటనవేలితో నరం నొక్కిపట్టి, ఒక్క పోటుకి ట్యూబు నింపేసేవాడు. అది తోక విసిరేలోపు పని అయిపోయేది. "ఆయన హస్తవాసి అలాంటిది" అని డాక్టర్లే అనేవారు. "అబ్బే, ఏముందిలెండి" అంటూనే, ఇంకోసారి అంటారేమోనని ఆయన కాసేపు అక్కడే తచ్చాడేవాడు.

ఊరి చివర మురుగు కాలవ పక్కన గుర్రపు స్వారీ నేర్పే బడి ఒకటుంది. దాన్ని నడిపే ఆవిడని అందరూ గుర్రాలమ్మ అంటారు. ఉన్నవి ఆరు గుర్రాలు. పదిహేను రోజుల కిందట వాటిలో పిడుగు అనే ఆడగుర్రం వెనక కాళ్ళు తడబడి ఉన్నచోటే కూలబడింది. దోమలు మోసుకొచ్చే మెదడువాపు కావచ్చని అనుమానపడి డాక్టరు ఆరింటికీ రక్తపరీక్ష రాశాడు. ఈ జబ్బు గుర్రం నుంచి మనిషికి అంటదు. కాని గుర్రాన్ని కుట్టే దోమలు పక్కనున్న మనిషిని వదిలిపెడతాయా? గుర్రం రక్తంలో ఆ వైరస్ ఆనవాళ్ళు కనపడ్డాయంటే చుట్టుపక్కల మనుషులు మేలుకోవాలన్నమాట. అందుకే ఈ పరీక్ష.

పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. దాంతో కాలవకి దోమల మందు కొట్టడానికి రావలసినవాళ్ళు రావడం మానుకున్నారు. దోమ కాకపోతే మరేమిటి? బూజుపట్టిన దాణా తిన్నా గుర్రాలకి ఇలాగే అవుతుందని డాక్టరు అన్నాడు. అంతే, వేళ్ళన్నీ దాణా తాత వైపు తిరిగాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ గుర్రాలకి మేతపెట్టి, కాలవ గట్టు మీద ఒంటిగదిలో ఉంటున్న మనిషి. "నీ చేత్తో పెట్టిందేగా, ఇంక నువ్వు రావద్దు" అని గుర్రాలమ్మ అందరి ముందూ అనేసింది. తాత ఒక్క మాట మాట్లాడకుండా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సూది మామయ్య అక్కడే ఉన్నాడు. బూటు కొనతో గడ్డిపరకని అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డాడు.

ఎందుకంటే, ఆ ఆరు ట్యూబుల్లో మూడింటిలో ఉన్నది ఒకే గుర్రం రక్తం. ఆ సంగతి ఆయనకీ, ఆ గుర్రానికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు. ఆయన అలా అనుకుంటున్నాడు.

ల్యాబు పక్కన ఫైళ్ళు పెట్టే చిన్న గదిలో మేనకోడలు ఎదురుచూస్తోంది. తెల్లకోటు కుర్చీ వీపున వేలాడుతోంది. మూలనున్న పాత ఫ్రిజ్ గురక పెడుతోంది. ఆ పిల్ల కళ్ళు చూడగానే మామయ్యకి అర్థమైంది, తెల్లారేదాకా మేలుకునే ఉందని. అక్క కూతురు. ఏడేళ్ళప్పుడు స్టూలెక్కి, ట్యూబులో రక్తం గడ్డకట్టి పైన పసుపుపచ్చని సీరం తేలడం చూసి "మామయ్యా, ఇది నువ్వే చేశావా!" అని చప్పట్లు కొట్టిన పిల్ల. ఆ చప్పట్ల వల్లే ఇవాళ ఈ ల్యాబులో కూర్చుందని ఆయన లోలోపల గర్వపడుతూ ఉంటాడు.

"కూర్చో మామయ్యా. ముందు ఇది చదువు" అని ఒక కాగితం ముందుకు జరిపింది.

డైరెక్టరుగారికి ఉత్తరం. నాలుగు, అయిదు, ఆరు నంబర్ల నమూనాల పరీక్షలో తన వల్ల పెద్ద పొరపాటు జరిగిందనీ, పూర్తి బాధ్యత తనదేననీ, ఏ చర్య తీసుకున్నా సమ్మతమేననీ రాసి ఉంది. కింద సంతకం కూడా పెట్టేసింది.

సూది మామయ్య సంతకం దాకా చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఏమిటమ్మా ఇది?"

"ఆ మూడింటి రీడింగులూ ఒకటే వచ్చాయి మామయ్యా. దగ్గరదగ్గరగా రావడం వేరు. ఇవి అచ్చం ఒకటే. వేరే వేరే గుర్రాలకి అలా రాదు. ఆ రోజు తొందరగా పంపమని డాక్టరుగారు ఒకటే ఫోన్లు. చూసుకోకుండా పంపేశాను. నిన్న ఫైలు సర్దుతుంటే కంటపడింది."

"మళ్ళీ చేసి చూడకపోయావా?"

"చేశాను. మిగిలిన సీరంతో మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. అంటే పెద్ద ట్యూబుల్లోంచి చిన్న సీసాల్లోకి మార్చేటప్పుడే నాలుగో నంబరుది మూడింటిలోనూ పోసేసుంటాను. ఇంకెలా జరుగుతుంది చెప్పు? పెద్ద ట్యూబులు పారేశాం కూడా."

ఇంకెలా జరుగుతుందో చెప్పగలిగిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. చెప్పాల్సిన క్షణం కూడా అదే. నోరు తెరిచాడు కూడా. తెరిచి ఏమన్నాడో వినండి.

"పొరపాట్లు అందరికీ జరుగుతాయమ్మా" అన్నాడు.

అనేశాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు. పైగా ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిమరబోయి, ఎడమ చెయ్యి వేశాడు. కుడి చెయ్యి ఎనిమిది నెలలుగా జేబులోంచి అంత తేలిగ్గా బయటికి రాదు.

"పొరపాటు అంటే ఊరుకుంటారా? వచ్చే నెలలో నన్ను పర్మనెంటు చెయ్యాలి. ఇంక చేసినట్టే. అమ్మకి ఇంకా చెప్పలేదు" అంది ఆ పిల్ల. ముక్కు ఎగబీల్చింది. "పోతే పోనీ. నాకు ఆ దాణా తాత గుర్తొస్తున్నాడు మామయ్యా. నేను సరిగ్గా చేసుంటే ఆయన్ని పంపేసేవాళ్ళు కాదేమో. ముసలాయన్ని పట్టుకుని అంత మాట అనిపించానే అని సిగ్గుతో చచ్చిపోతున్నాను."

తను పడాల్సిన సిగ్గు ఆ పిల్ల పడుతుంటే, ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. దాణా తాతని గెంటేసిన రోజు గడ్డిపరకయినా ఉంది కాలితో కదపడానికి. ఇక్కడ అదీ లేదు.

"ఒకటే ధైర్యం" అంది ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ. "తీసింది నువ్వు. అక్కడ తేడా రాదు. డైరెక్టరుగారు అడిగితే అదే చెప్తాను. మా మామయ్య దగ్గర తప్పు జరిగే ప్రశ్నే లేదండీ, వెతకాలంటే నా బల్ల మీద వెతకండి అని."

రెండు కప్పుల్లో టీ పోసింది. నిండా పోసింది, మేనమామ కదా అని. సాసరుతో సహా ఆయన ముందు పెట్టింది.

ఈ ఎనిమిది నెలల్లో సూది మామయ్య టీ తాగడానికి ఎన్ని వేషాలు వేశాడో చెబితే ఒక భాగం సరిపోదు. సగం కప్పే చాలనేవాడు. గ్లాసులో పొయ్యమనేవాడు. "చల్లారనీ" అని బల్ల మీద పెట్టించి, ఎవరూ చూడనప్పుడు వంగి తాగేవాడు. ఇవాళ ఏ వేషమూ గుర్తు రాలేదు. బుర్రలో ఆ పిల్ల మాటలే తిరుగుతున్నాయి. అలవాటుగా కుడి చెయ్యి బయటికి తీసి కప్పు ఎత్తాడు.

సాసరు గలగలమంది. టీ ఒలికి ఉత్తరం మీద పడింది.

"అయ్యో, అయ్యో" అంటూ ఆయన జేబురుమాలుతో తుడవబోయాడు. ఆమె ఉత్తరం వైపు చూడటం లేదు.

"మామయ్యా, చెయ్యి చూపించు."

"ఏం లేదమ్మా, పొద్దున ఏమీ తినకుండా బయల్దేరాను, అదీ..."

"చూపించు."

రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. ఎడమది బుద్ధిగానే ఉంది. కుడిది ఉడుకుతున్న గిన్నె మీది మూతలా ఊరికే కదులుతోంది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిది నెలలు."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలీదు."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి ఈ ఎనిమిది నెలలూ రక్తం ఎలా తీశావు?"

"మోచెయ్యి గుర్రం మెడకి ఆనించి తీసేవాణ్ణి. ఆనిస్తే కాస్త ఆగుతుంది. నెమ్మదైన గుర్రాలైతే పర్వాలేదు. టైము ఇస్తాయి" అని, నీళ్ళు నములుతూ ఆగిపోయాడు.

ఆమె తొందరపెట్టలేదు. ఫ్రిజ్ గురక ఆగి మళ్ళీ మొదలైంది. ఆ పిల్ల తెలివైనది. మామయ్య ముఖంలోకీ, తడిసిన ఉత్తరంలోకీ, మళ్ళీ ముఖంలోకీ చూసింది. అడగడానికి భయపడుతోందని ఆయనకి తెలిసింది. ఆ భయం చూశాక ఇంక ఆపుకోలేకపోయాడు.

"నువ్వు కలపలేదమ్మా" అన్నాడు. "నేను కలిపాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆ రోజు మొదటి మూడూ బాగానే తీశాడు. నాలుగోది వెన్నెల, ముసలి తెల్లగుర్రం, దాని దగ్గర కాసేపు అలుపు తీర్చుకుందామని చివరికి ఉంచాడు. ముందు పిడుగు దగ్గరికి వెళ్ళాడు. అది అసలే ఒంట్లో బాగాలేక ఈగ వాలినా అదిరిపడుతోంది. ఒకసారి పొడిచాడు, నరం తప్పింది. రెండోసారి పొడిచాడు, మళ్ళీ తప్పింది. అది పడుకున్నచోటే తల విసిరి ముందుకాళ్ళతో తన్నబోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రెండు పోట్లు తప్పడం అదే మొదలు. దాని పిల్ల బూడిద కూడా తల్లిని చూసి బెదిరిపోయి గోడలు తన్నడం మొదలుపెట్టింది.

"డాక్టరు వరండాలో ఉన్నాడు. పిలిచి, నా చెయ్యి పనిచెయ్యడం లేదు, మీరు తియ్యండి అంటే అయిపోయేది. అంత చిన్న మాట. నా నోరు రాలేదమ్మా. హస్తవాసి, హస్తవాసి అని అందరూ నన్ను... వెన్నెల దగ్గరికి వెళ్ళిపోయాను. అది పాపం కదలకుండా నిలబడింది. ఒకటి నిండింది. సూది లోపలే ఉంది, ఇంకో ట్యూబు పెట్టాను. తర్వాత ఇంకోటి పెట్టాను. వాటి మీద పిడుగు, బూడిద అని రాసేశాను."

"తాడు ఎవరు పట్టుకున్నారు?"

"దాణా తాత. వాకిలి వైపు తిరిగి నిలబడ్డాడు. వీపు నా వైపుంది. చూళ్ళేదు."

"వెన్నెల లోపలి కొట్టంలో కదూ ఉండేది?"

"ఆఁ. ఈగలకి ఒళ్ళంతా పుళ్ళు పడుతున్నాయని తాత దానికి దోమతెర కట్టాడు."

"దోమతెరలో ఉన్న గుర్రం రక్తం తెచ్చి, దోమకాటు ఉందో లేదో చూడమన్నావు నన్ను" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. చాలాసేపటికి ఇటు తిరిగింది.

"నువ్వు చేసింది ఒక ఎత్తు మామయ్యా. ఇందాక, నేను కుమిలిపోతుంటే, పొరపాట్లు అందరికీ జరుగుతాయన్నావు చూడు. నన్ను ఓదార్చావు. నాకు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా?"

ఆయన తల ఎత్తలేదు. ఎత్తడానికి ముఖం చెల్లలేదు.

"ఈ ఒక్కసారేనా?"

"ఒక్కసారే. నీ మీద ఒట్టు."

"నమ్మొచ్చా?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "నమ్మొచ్చు" అన్నాడు. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

తెల్లకాగితం ఒకటి లాక్కున్నాడు. "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అంది ఆమె. వద్దన్నాడు. తన చేత్తోనే రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, గీత దాటి పోతూ, ఉత్తరం ఒకటో తరగతి పలకలా తయారైంది. నాలుగు వాక్యాలకి పావుగంట పట్టింది. వేరే సాక్ష్యం అక్కర్లేదు, ఆ రాత చూస్తే చాలు.

ఆమె తెల్లకోటు తొడుక్కుని, సూదులూ కొత్త ట్యూబులూ ఉన్న పెట్టె తీసుకుంది.

"నేను డాక్టరుగారిని తీసుకుని పిడుగు దగ్గరికి వెళ్తున్నాను. ఇవాళే పరీక్ష పెడతాను. మందు కొట్టేవాళ్ళకి దారిలో ఫోన్ చేస్తాను."

"నేనూ వస్తాను. పట్టుకుంటాను."

"పట్టుకోవడానికి మనుషులున్నారు. నువ్వు దాణా తాత దగ్గరికి వెళ్ళు. గుర్రాలమ్మకీ డైరెక్టరుకీ కాగితం చాలు. ఆయనకి నువ్వు నోటితో చెప్పాలి."

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సూది మామయ్య కాలవ గట్టు మీద ఉన్నాడు. నీళ్ళు కదలడం లేదు. మీద పచ్చగా నాచు పట్టింది. వారం కిందట ఇక్కడ మందు పడాల్సింది. ఏం చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నాడు. తాతా, తప్పు నాది, నన్ను క్షమించు. మూడు ముక్కలు. వరసలో చివరి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"తాతా" అని పిలిచి తోశాడు.

మధ్యాహ్నం పూట గదిలో చీకటి. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. అంత ఉక్కలో తాత మంచం మీద దుప్పటి కప్పుకుని ముడుచుకుని పడుకున్నాడు. మంచానికి నాలుగు వైపులా కర్రలున్నాయి. కర్రలకి కట్టిన తాళ్ళున్నాయి. దోమతెర లేదు. అది ఎక్కడుందో సూది మామయ్యకి తెలుసు.

"ఎవరూ, సూదిగారా? రండి, రండి. తలుపు కాస్త వెయ్యండి, వెలుతురు పడటం లేదు కళ్ళకి."

"జ్వరమా తాతా?"

"మూడు రోజులైంది. తల పగిలిపోతోందండి. మెడ ఇటు తిప్పలేకపోతున్నాను. అదే పోతుంది లెండి. పిడుగు లేచిందా?"

"లేస్తుంది. తాతా, నేనొకటి చెప్పాలని వచ్చాను. ఆ రోజు రక్తం తీసినప్పుడు..."

"తెలుసండి."

"ఏం తెలుసు?"

"మూడూ వెన్నెల దగ్గరే తీశారు" అన్నాడు తాత, ఎండిన పెదాలు తడుపుకుంటూ. "తాడు నా చేతిలోనే ఉందిగా. సూది ఎన్నిసార్లు గుచ్చారో, ఎంతసేపు ఉంచారో తాడుకి తెలీదా? మీ చెయ్యి వణకడం ముందే చూశాను. నేను చూస్తే మీరు నొచ్చుకుంటారని అటు తిరిగాను."

సూది మామయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. గోడ పట్టుకున్నాడు.

"మరి గుర్రాలమ్మ నిన్ను అంత మాట అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు తాతా?"

"మీరు చెప్తారనుకున్నానండి" అన్నాడు తాత. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు అంతకన్నా లేదు. "పక్కనే నిలబడ్డారు కదా."

వల్లెవేసుకొచ్చిన మూడు ముక్కల్లో ఒక్కటీ నోటికి రాలేదు. సూది మామయ్య మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"అయ్యో, కింద కూర్చున్నారేమండీ! ఉండండి, మంచినీళ్ళు ఇస్తాను" అంటూ తాత దుప్పటి తీసి లేచాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు నేల మీద పడలేదు. కాలు తనది కానట్టు పక్కకి వాలి, నడుం దగ్గర విరిగినట్టయి, కూలబడిపోయాడు. సరిగ్గా పిడుగు కూలబడిన తీరే.

సూది మామయ్య ముందుకి దూకి, వణికే చేత్తోనే పట్టుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. తల తన ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఫోన్ వెతుక్కుంటూ, ఏడుస్తూ అన్నాడు. "తాతా, తప్పు నాది. అంతా నాదే. నన్ను క్షమించు. వింటున్నావా తాతా?"

తాత కళ్ళు తెరిచి ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి గట్టిగానే ప్రయత్నించాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"ఎవరు బాబూ మీరు?"